చేతన అన్నిటా: కర్నూలు, కడప సీమల నుంచి ఒక ప్రణాళిక

వేంపల్లె చుట్టుపక్కల డోలమైటు కొండల్లో గుమ్మటాల్లా ఉబ్బి, పొర మీద పొరగా పేరుకున్న రాళ్ళు కనిపిస్తాయి. వాటిని స్ట్రోమటోలైట్లు అంటారు. ఇక్కడ లోతు తక్కువ సముద్రం ఉన్న కాలంలో, అంటే 190 కోట్ల ఏళ్ళ కిందటికి ముందే, కంటికి ఆనని జీవులు కట్టిన కట్టడాలవి. విలియం కింగ్ 1872లో ఈ శిలల మీద గ్రంథం వెలువరించిన నాటినుంచి ప్రపంచ భూగర్భశాస్త్రం వీటిని కడప పేరుతోనే పిలుస్తోంది. ఆ జీవులకూ మనకూ మూలం ఒకటే. ఆ మూలం నుంచి ఇవాళ ఈ కాగితం చదువుతున్న మనిషి దాకా వరస ఎక్కడా తెగలేదు. మరి ఈ వరసలో నొప్పి, రుచి, రంగు, భయం అనే లోపలి సంగతి ఏ తరంలో మొదలైంది? తల్లికి బొత్తిగా లేనిది బిడ్డకు ఒక్కసారిగా ఎలా వచ్చింది?

అలా రాలేదని మేము అంటున్నాం. ఎరుక అనేది లోకంలోకి మధ్యలో వచ్చి చేరింది కాదు. అది పదార్థంతో పాటే, పదార్థం లోపలే ఉంది. మనిషిలో అది ఆలోచనగా, జ్ఞాపకంగా, మాటగా విప్పారింది. కుక్కలో, ఎద్దులో, చేపలో మరో తీరుగా ఉంది. అట్టడుగున, అణువుల స్థాయిలో, మన ఊహకు కూడా అందనంత సన్నగా, ఆలోచన లేకుండా, కోరిక లేకుండా, ఊరికే 'లోపల' అనదగ్గదేదో ఉంది. తత్వశాస్త్రంలో దీన్ని సర్వచేతనవాదం అంటున్నారు. ఇటలీలో 16వ శతాబ్దంలో ఫ్రాంచెస్కో పాత్రిజీ దీనికి ఒక పేరు పెట్టాడు. భావం అంతకంటే ఎంతో పాతది. మన సీమలో దానికి వెయ్యేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రను తలకెత్తుకుని, ఇవాళ్టి విజ్ఞానంతో ముఖాముఖి నిలబెట్టి, తెలుగులో, మా ఊళ్ళలో, అందరూ పాల్గొనే విచారణగా దీన్ని నడపాలని ఈ ఉద్యమం మొదలుపెడుతున్నాం.

ముందు మా వాదం చెబుతాం. భౌతికశాస్త్రం ఎలక్ట్రానుకు ఇంత ద్రవ్యరాశి, ఇంత విద్యుదావేశం అని చెబుతుంది. ద్రవ్యరాశి అంటే? తోస్తే ఎంత మొరాయిస్తుంది, ఇతర వస్తువులను ఎంత లాగుతుంది. ఆవేశం అంటే? దేన్ని దగ్గరకు లాక్కుంటుంది, దేన్ని నెట్టేస్తుంది. అన్నీ అది చేసే పనులే. ఆ పనులు చేసేది తనకు తానుగా ఏమిటన్నది భౌతికశాస్త్రం చెప్పదు, చెప్పే బాధ్యతా దానిది కాదు. ఈ మాట అన్నది మఠాధిపతులు కాదు. బెర్ట్రండ్ రస్సెల్ 1927లో పదార్థ విశ్లేషణ మీద రాసిన పుస్తకంలో అన్నాడు. 1919 సూర్యగ్రహణంలో ఐన్‌స్టీన్ సిద్ధాంతానికి సాక్ష్యం తెచ్చిన ఆర్థర్ ఎడింగ్టన్ 1928లో అన్నాడు. లోకమంతటిలో మనం లోపలినుంచి ఎరిగిన పదార్థం ఒక్కటే ఉంది, అది మన సొంత మెదడు. అక్కడ లోపల ఉన్నది అనుభవం. తక్కిన పదార్థం లోపల పూర్తిగా వేరే ఏదో ఉందని, లేదా ఏమీ లేదని అనడానికి ఆధారం ఏది? ఒకే పదార్థం, ఒకే నియమాలు, లోపల మాత్రం రెండు రకాలా?

దీనికి చార్వాకులు మన దేశంలోనే జవాబు చెప్పారు. తమలపాకులో ఎరుపు లేదు, వక్కలో లేదు, సున్నంలో లేదు, మూడూ కలిపి నమిలితే నోరు పండుతుంది. అట్లాగే నాలుగు భూతాలు కలిస్తే చైతన్యం పుడుతుందన్నారు. ఈ వాదాన్ని మేము గౌరవిస్తాం. ఇవాళ్టి నాడీశాస్త్రంలో ఎక్కువమంది నమ్మేది ఇంచుమించు ఇదే. కానీ తాంబూలం ఎరుపుకు లెక్క తేలుతుంది. సున్నం క్షారగుణం వక్కలోని రసాయనాలను మారుస్తుంది, మారిన రసాయనం కొంత వెలుతురును పీల్చుకుని కొంత విడుస్తుంది. వెలుతురును పీల్చడం, విడవడం అనే గుణం ఆ మూడింటిలోనూ ముందునుంచీ ఉన్నదే. ఆ ఎరుపును చూసినప్పుడు మనకు కలిగే అనుభూతి సంగతి వేరు. ఏ రసాయనాన్ని ఎంత కలిపినా ఆ లెక్కలోనుంచి అనుభూతి ఎందుకు బయటపడాలో ఎవరూ చెప్పలేకపోయారు. డేవిడ్ చామర్స్ 1995లో దీన్నే చైతన్యపు కఠిన సమస్య అన్నాడు. ఆయనతో క్రిస్టఫ్ కోక్ అనే నాడీశాస్త్రవేత్త 1998లో పందెం కాశాడు: పాతికేళ్ళలో మెదడులో చైతన్యపు ఆనవాలు దొరుకుతుందని. 2023లో న్యూయార్కులో అందరి ముందూ ఓటమి ఒప్పుకుని వైన్ సీసాలు అప్పగించాడు. పందెం ఓడినంత మాత్రాన శాస్త్రం ఓడిందని మేము అనం. ప్రశ్న ఇంకా తెరిచే ఉంది, అంతవరకే అంటున్నాం. తెరిచి ఉన్న ప్రశ్నకు అన్నిటికంటే తక్కువ ఇబ్బందితో జవాబిచ్చేది సర్వచేతనవాదమేనని మా నిర్ణయం.

మా వాదంలో బలహీనమైన చోటును మేమే చూపిస్తాం. విలియం జేమ్స్ 1890లోనే దాన్ని పట్టుకున్నాడు. చిన్నచిన్న ఎరుకలు లెక్కలేనన్ని ఉన్నాయనుకుందాం. అవన్నీ కలిసి ఒకే 'నేను' ఎలా అవుతాయి? వందమందిని పక్కపక్కన నిలబెడితే నూట ఒకటో మనసు పుట్టదు కదా. ఈ ప్రశ్నకు మా దగ్గర పూర్తి జవాబు లేదు. లైబ్నిజ్ ఒక దారి చూపించాడు: కుప్ప వేరు, ఒకటిగా నిలిచేది వేరు. ఈ తేడా అర్థం కావాలంటే మా ఊళ్ళ తిరునాళ్ళకు రావాలి. బండలాగుడు పోటీలు చూడాలి. అక్కడ బండ ఉంటుంది, దాన్ని లాగే ఒంగోలు ఎద్దుల జత ఉంటుంది, వెనక చర్నాకోల పట్టిన మనిషి ఉంటాడు. బండలోని ప్రతి అణువులో సన్నని ఎరుక ఉందనే మేము అంటాం. కానీ బండకు బండగా ఏ బాధా లేదు, ఎందుకంటే అది కుప్ప. దానిలోని భాగాలు ఒకదాని సంగతి ఒకటి ఎరిగి కూడబలుక్కునే ఏర్పాటు దానిలో లేదు. ఎద్దు అట్లా కాదు. దాని కాలి గిట్ట కింది నొప్పి, నోటి నురగ, చెవిలో పడే కేకలు, ముందు నేల మీద గీసిన గీత, ఇవన్నీ ఒకే చోటికి చేరి ఒకే జీవికి అనుభవం అవుతున్నాయి. కాబట్టి మా ధర్మం బండ వైపు తిరగదు, ఎద్దు వైపు తిరుగుతుంది. అన్నిటా చేతన ఉందంటే అన్నిటికీ ఒకే బాధ ఉందని అర్థం కాదు. ఇది తప్పుగా అర్థం చేసుకుంటే ఈ ఉద్యమం మొదటి ఏడాదే నవ్వులపాలవుతుంది. అందుకే ఇంత విడమరిచి చెబుతున్నాం.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. యాగంటి నందీశ్వరుడు ఏటా పెరుగుతున్నాడని, కలియుగాంతంలో లేచి రంకె వేస్తాడని బ్రహ్మంగారు చెప్పారని మా పెద్దలు చెబుతారు. ఆ కథ మీద మాకు ప్రేమ ఉంది. మా వాదానికి దాన్ని సాక్ష్యంగా మాత్రం ఎన్నడూ తేము. రాయి పెరిగితే ఆ పెరుగుదలకు కారణం రాతి గుణంలో వెతకాలి. అణువుల లోపలి ఎరుక రాళ్ళను పెంచదు, వానలు కురిపించదు, రోగాలు కుదర్చదు. జగదీశ్ చంద్ర బోస్ 1901 మే 10న లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో లోహం, మొక్క, కండరం మూడూ ప్రేరణకు స్పందించే గీతలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూపించాడు. అలసట, విషం, కోలుకోవడం మూడింటిలోనూ ఒకే పోలికలో కనిపించాయి. మన దేశంలో చాలామంది దీన్ని లోహానికి ప్రాణం ఉందన్నదానికి రుజువుగా చెబుతుంటారు. కానీ బోస్ కొలిచింది బయటి స్పందనను. లోపల ఏముందో ఏ ముల్లూ, ఏ గీతా చూపించలేదు. ఆయన గొప్పతనం ఆ ప్రశ్నను బల్ల మీద పెట్టడంలో ఉంది. దాన్ని అంతకు మించి సాగదీస్తే ఆయనకే అవమానం.

ఇప్పుడు మా నేల సంగతి. పాత కర్నూలు, కడప జిల్లాల హద్దులు గీసి చూస్తే, జడచేతనాల గురించి మనిషి చెప్పగలిగిన జవాబులన్నీ ఈ రెండు జిల్లాల్లో మఠాలుగా, గుళ్ళుగా, దర్గాలుగా నిలబడి ఉన్నాయి. ఇంత చిన్న నేలలో ఇంత పెద్ద వాదం ఇన్ని శతాబ్దాలు సాగిన చోట్లు లోకంలో ఎక్కువ ఉండవని మా నమ్మకం.

జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డున దానవులపాడు ఉంది. ఇసుకలో పూడిపోయి బయటపడిన జైన క్షేత్రం. నిత్యవర్ష బిరుదున్న రాష్ట్రకూట రాజు మూడో ఇంద్రుడు 10వ శతాబ్దంలో శాంతినాథుడి అభిషేకానికి ఇక్కడ రాతి పీఠం చేయించాడని శాసనం ఉంది. ఆ పీఠం ముందు మోకరిల్లినవాళ్ళు ఏం నమ్మేవాళ్ళు? మట్టికి జీవం ఉంది, నీటికి ఉంది, నిప్పుకు ఉంది, గాలికి ఉంది, చెట్టుకు ఉంది, ఇవన్నీ స్పర్శ ఒక్కటే ఎరిగిన ఏకేంద్రియ జీవులు. ఉమాస్వాతి తత్వార్థసూత్రంలో ఇది సిద్ధాంతంగా కుదురుకుంది. మట్టి ముద్దకూ తాకిడి తెలుస్తుందనే ఈ ఆలోచన కంటే మా వాదానికి దగ్గరి బంధువు ఇంకొకటి లేదు. అందుకే మా ఉద్యమానికి పుట్టినూరు ఏదంటే దానవులపాడు పేరే చెబుతాం.

సిద్ధాంతంలో దానికి నేరుగా ఎదురు తుంగభద్ర ఒడ్డున మంత్రాలయం. రాఘవేంద్రస్వామి 1671లో సజీవంగా ప్రవేశించారని భక్తులు నమ్మే బృందావనం రాతిదే. కానీ ఆ మఠం మధ్వ సిద్ధాంతం పంచభేదాలను చెబుతుంది, అందులో జీవుడికీ జడానికీ భేదం ఒకటి. జడం ఎప్పటికీ జడమే. ఈ వాదం మాకు అన్నిటికంటే కఠినమైన ప్రత్యర్థి, అన్నిటికంటే నిజాయితీగా ఎదురు నిలిచేదీ అదే. అహోబిలంలో ఇంకో దారి. నరసింహుడు చీల్చుకుని వచ్చాడని చెప్పే ఉగ్రస్తంభం ఆ కొండల్లోనే ఉంది. అక్కడి విశిష్టాద్వైతం ప్రకారం చిత్తు, అచిత్తు రెండూ ఈశ్వరుడి శరీరం. రామానుజులు అచిత్తుకు జ్ఞానం ఉందనలేదు. దేవుడి శరీరమనే హోదా మాత్రం ఇచ్చారు. వల్లూరు దగ్గర పుష్పగిరి పీఠం అద్వైతం చెబుతుంది: జగత్తులో చైతన్యం కోసం వెతకడం తలకిందుల పని, చైతన్యంలోనే జగత్తు కనిపిస్తోంది. కడప పెద్ద దర్గా సూఫీల పరంపరలో, ఇబ్న్ అరబీ నుంచి వచ్చిన ఉనికి ఒక్కటే అన్న ఆలోచన ఉంది. సృష్టిలో ప్రతిదీ దేవుణ్ణి స్తుతిస్తోంది, ఆ స్తుతి మనకు అర్థం కాదు అని ఖురాను చెబుతుంది. మా జమ్మలమడుగు చర్చిల్లో చదివే పౌలు లేఖలో సృష్టి అంతా ప్రసవవేదన పడుతోందని ఉంది. వీటిలో ఏదీ ఇంకొకదానితో ఏకీభవించదు. అన్నీ ఒకటే చెబుతున్నాయని పైపైన కలిపేసే పని మేము చేయం.

ఇక్కడ చేదు నిజం ఒకటి చెప్పాలి. రాతిలో దేవుణ్ణి చూడగలిగినవాళ్ళు ఆ రాయి చెక్కిన చేతిని గడప అవతల నిలబెట్టారు. మట్టిలో జీవాన్ని లెక్కపెట్టిన సంప్రదాయమే దున్నే పనిని హింసగా ఎంచి, దున్నేవాణ్ణి కింద కూర్చోబెట్టింది. అన్నిటా చేతన ఉందన్న భావం దానంతట అది ఎవరినీ మంచివాళ్ళను చేయలేదు. దాన్ని మనిషి దాకా దించినవాళ్ళు వేరే ఉన్నారు. తాళ్ళపాకలో పుట్టిన అన్నమయ్య (1408–1503) తందనానా కీర్తనలో ఏలేవాడికీ ఊడిగం చేసేవాడికీ పట్టే నిద్రలో తేడా లేదన్నాడు. నిద్ర అనేది చైతన్యపు స్థితి. దాన్ని సాక్ష్యంగా పెట్టి కులాన్ని ప్రశ్నించడం కంటే మంచి తత్వవిచారణ మాకు తెలియదు. బనగానపల్లెలో పశువులు కాసిన వీరబ్రహ్మం దూదేకుల సిద్దయ్యను శిష్యుడిగా తీసుకున్నాడు. వేమన సంగతి చెప్పనే అక్కరలేదు. మా ఉద్యమం దానవులపాడు నుంచి సిద్ధాంతాన్ని, వీళ్ళ ముగ్గురి నుంచి దాన్ని వాడే పద్ధతిని తీసుకుంటోంది. ఈ సిద్ధాంతం పేరు చెప్పి ఒకరి కంచంలోకి తొంగి చూసే పని మా వేదిక మీద సాగనివ్వం. మాలో మాంసం తినేవాళ్ళున్నారు, తిననివాళ్ళున్నారు. అందరూ సమానులే.

దైవవిచారానికి దీనివల్ల ఏమవుతుందంటే, బయట కూర్చుని జడమైన లోకాన్ని నడిపే దేవుడి బొమ్మ నిలబడటం కష్టం. లోకం లోపలే ఉండి, దానికంటే మించి కూడా ఉండే దేవుణ్ణి ఊహించడం తేలిక. నాస్తికుడికి దేవుడు లేకుండానే ఈ వాదం నడుస్తుంది, మాలో అటువంటివాళ్ళూ ఉన్నారు. అయితే భక్తులకు ఒక బరువైన ప్రశ్న మిగులుతుంది. ఎరుక అంతటా ఉంటే దుఃఖం కూడా మనం అనుకున్నదానికంటే ఎంతో ఎక్కువ ఉందేమో. కరువు ఏడాది జొన్న సొప్ప అయిపోయాక సంతకు తోలిన ఆవు కళ్ళలో ఉన్నది కర్మఫలమని చెప్పి తప్పుకునే దైవశాస్త్రం మాకు చాలదు.

శాస్త్రం దగ్గరకు వద్దాం. జూలియో తొనోని 2004లో మొదలుపెట్టిన సమాచార సమైక్యతా సిద్ధాంతం చైతన్యాన్ని అంకెగా కొలవాలని చూస్తోంది, చాలా సామాన్యమైన వ్యవస్థల్లోనూ అది కొంత ఉండవచ్చని అంటోంది. 2023లో 124 మంది పండితులు దీన్ని కుహనా శాస్త్రమని లేఖ రాశారు. ఆ కోపం మాకు అర్థమవుతుంది. కానీ ఆ సిద్ధాంతం ప్రేరణతో పుట్టిన కొలత, మెదడును అయస్కాంత తరంగంతో తట్టి ప్రతిధ్వని ఎంత సంక్లిష్టంగా ఉందో చూసే పద్ధతి, ఉలుకూ పలుకూ లేని రోగుల్లో స్పృహను పసిగట్టడానికి పనికొస్తోంది. ఏడ్రియన్ ఓవెన్ 2006లో అటువంటి ఒక రోగిని టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించమంటే ఆమె మెదడు జవాబిచ్చింది. 2024లో వచ్చిన పెద్ద అధ్యయనంలో మాటకు కదలని 241 మందిలో 60 మంది, అంటే నలుగురిలో ఒకరు, లోపల మాట వింటూనే ఉన్నారు. ఈ అంకె చదివాక మా ఊరి ఆసుపత్రుల్లో కోమాలో ఉన్నవాళ్ళ మంచం పక్కన నిలబడి, వాళ్ళ ఆస్తి పంపకాల గురించి గట్టిగా మాట్లాడుకోవడం ఎవరైనా మానుకోవాలి. జంతువుల విషయంలో 2012 కేంబ్రిడ్జి ప్రకటన, 2024 న్యూయార్కు ప్రకటన వచ్చాయి. రెండోది పీతల్లో, తేనెటీగల్లో కూడా అనుభవం ఉండే అవకాశాన్ని కొట్టిపారేయకూడదంది. 1895లో, అప్పట్లో కడప జిల్లాలో ఉన్న మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1980లో డేవిడ్ బోమ్ అనే భౌతికశాస్త్రవేత్తతో కూర్చుని మనసు గురించి, కాలం గురించి గంటల తరబడి మాట్లాడాడు. అటువంటి సంభాషణ తెలుగులో జరగాలి. మాట్లాడే యంత్రాల గురించి కూడా అక్కడే తేల్చుకోవాలి. మాట నేర్చిన యంత్రం కుప్పా, ఒకటిగా నిలిచిందా అన్నదే మా ప్రశ్న. అది ఎంత తియ్యగా మాట్లాడుతుందన్నది మాకు లెక్క కాదు.

మేము చేయబోయే పనులు ఇవి. బండలాగుడు పోటీలు పెట్టే ఊరి పెద్దల దగ్గరకు వెళ్ళి ములుకోల, చర్నాకోల లేకుండా పోటీ నడపమని అడుగుతాం. పోటీ ఆపమని అడగం. ఆ ఎద్దులను కన్నబిడ్డల కంటే ఎక్కువగా మేపే రైతులు మాలోనే ఉన్నారు, ఈ మాట ముందు వాళ్ళే చెబుతారు. కరువు ఏడాది పశువుల ధర పడిపోయే దాకా ఆగకుండా ముందుగానే గడ్డి శిబిరాలు తెరవాలని అడుగుతాం. బేతంచెర్ల, కొలిమిగుండ్ల నాపరాయి గనుల్లో రాయి కోసే మనిషి ఊపిరితిత్తుల్లోకి దుమ్ము పోకుండా నీళ్ళు చల్లే ఏర్పాటు, ముక్కుకు కట్టుకునే గుడ్డ, ఏడాదికోసారి ఛాతీ పరీక్ష కావాలని అడుగుతాం. రాతిలో చేతన ఉందని చెప్పి గనులు మూయమనడం మా ఉద్దేశం కాదు. ఆ దుమ్ములో ఎవరి శ్వాస ఆగిపోతోందో ఆ మనిషే మాకు ముఖ్యం. రస్సెల్, జేమ్స్, ఉమాస్వాతి, చార్వాక వాదాలు బడిపిల్లలకు అర్థమయ్యే తెలుగులో చిన్న పుస్తకాలుగా తెస్తాం. కడప యోగి వేమన విశ్వవిద్యాలయం, కర్నూలు రాయలసీమ విశ్వవిద్యాలయం తత్వశాస్త్రం, జీవశాస్త్రం, భౌతికశాస్త్రం చదివే పిల్లలను ఒకే గదిలో కూర్చోబెట్టి చైతన్యం మీద పాఠం చెప్పాలని కోరతాం.

మాకు గురువు ఉండడు. విభూతి, తాయెత్తు, జోస్యం, చందా రసీదు పుస్తకం ఉండవు. సర్వచేతనవాదం నమ్మితేనే సభ్యత్వం అనే షరతు కూడా లేదు. ప్రశ్న మీద శ్రద్ధ ఉంటే చాలు.

మొదటి సభ జమ్మలమడుగులో పెడతాం, దానవులపాడు అక్కడికి దగ్గర కాబట్టి. చర్చాంశం జేమ్స్ వేసిన ప్రశ్న: చిన్న ఎరుకలు కలిసి ఒక 'నేను' ఎలా అవుతాయి? మొదటి మాట మమ్మల్ని కాదనేవాళ్ళది. ద్వైతం చదివిన పండితులు, హేతువాదులు, నాడీవైద్యులు వచ్చి మా వాదాన్ని ఎంత గట్టిగా కొట్టగలరో అంత గట్టిగా కొట్టాలని కోరుతున్నాం. తర్వాత గని కార్మికులు, రైతులు, పంతుళ్ళు మాట్లాడతారు. జవాబు చెప్పే వంతు మాకు చివర్న. మధ్యాహ్నం జొన్న సంగటి, పప్పు మా తరఫున పెడతాం, అందరికీ ఒకే పంక్తిలో.